ఒకటి, రెండు

ఆఫ్రికాలోని మా సెగూలో ఇద్దరు బిడ్డలున్న తల్లులకు కూడా ఫ్రెంచి దొరలు ఓటిచ్చిన ఏడాది, ఓటర్ల జాబితా రాసే పని నాది. మా బంబారా తల్లులేమో, లెక్కపెడితే దక్కరన్న భయంతో, కన్నబిడ్డల్ని పైకి లెక్కపెట్టరు.

"దేవుడిచ్చినంతమంది ఉన్నార్లే తమ్ముడూ," అంది సితాన్, నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు, సజ్జలు దంచుతూ.

"అంకె చెప్పకపోతే ఓటు కార్డు రాదక్కా! ఈ పిచ్చి భయాలు ఇంకెన్నాళ్లు?"

ఆమె దంచుతూనే ఉంది. నాకు ఒళ్లు మండింది. వాకిట్లో ఆడుకుంటున్న పిల్లల్ని మేకల్ని లెక్కపెట్టినట్టు వేలితో చూపిస్తూ, "ఒకటి, రెండు!" అని అరిచి రాసుకున్నాను. రోకలి ఆగిపోయింది.

ఎన్నికలకు వారం ముందు తట్టు సోకి సితాన్ చిన్నకూతురు చనిపోయింది. తట్టు ఊరంతా ఉంది, నా తప్పేముందని వందసార్లు చెప్పుకున్నాను.

పోలింగు రోజు సితాన్ తన కార్డు నా బల్ల మీద పెట్టింది.

"నాకింకా ఓటుందా తమ్ముడూ? ఇంకోసారి లెక్కపెట్టి చెప్పు."