తర్వాతి మనిషి వచ్చేదాకా

“సగంలో వదిలేసి ఎక్కడికి బయల్దేరావమ్మా?” అంది అత్తయ్య. నా ముందు ఇంకా అర బస్తా ఉల్లిపాయలున్నాయి. “పదకొండింటికి నా వంతు కదత్తయ్యా,” అని చేతులు కడుక్కుని చర్చి పక్కగదికి నడిచాను. “ఈ రోజు కూడానా! ఆ చేసేదేదో ఇక్కడే చేసుకోవచ్చుగా, నోరు ఖాళీయేగా!” అని వెనకనుంచి వినబడింది. వినబడాలనే అంది.

గదిలో ఒక కుర్చీ, ఒక శాలువా. మూడేళ్లుగా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండుమంది ఆడవాళ్లం తలా ఒక గంట ఇక్కడ కూర్చుని ప్రార్థన చేస్తున్నాం. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. తర్వాతి మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా కూర్చున్న మనిషి లేవకూడదు. చెయ్యి పడ్డాక లేచి, శాలువా ఆమెకి కప్పి వెళ్లాలి. ఒకసారి నర్సమ్మకి ఆసుపత్రి డ్యూటీలో ఆలస్యమైతే, ఆమెకి ముందు వంతు చేసే స్కూలు ఆయా జ్వరంతో మూడు గంటలు కదలకుండా కూర్చుంది. పాస్టరుగారు ఆ సంగతి ప్రసంగంలో “ఒక సహోదరి” అని చెప్పి జనాన్ని ఏడిపించారు. మూడో వరుసలో కూర్చుని ఆయా కూడా ఏడ్చింది. ఆ పాస్టరుగారు మా ఆయనే.

మొదట్లో ఆదివారం ముప్పైమంది వచ్చేవాళ్లు, వాళ్లలో సగంమంది కునికిపాట్లు పడేవాళ్లు. నలుగురం ఆడవాళ్లం కూర్చోవడం మొదలుపెట్టాం, నెల తిరక్కముందే పన్నెండుమందిమయ్యాం. ఏడాదిపాటు ఏమీ జరగలేదు. దేవుడికి వినబడుతోందా అని నాకే అనుమానం వచ్చేది. అయినా నా తర్వాత ఒక మనిషి వస్తుంది కదా, ఆమె వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంటే ఏం బాగుంటుందని కూర్చునేదాన్ని. ఒక ఆదివారం, పెళ్లాన్ని రోజూ కొట్టే వెల్డరు పాట మధ్యలో లేచి వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆ రోజు నుంచి జనం పెరుగుతూనే ఉన్నారు. హాలు చాలక బయట కుర్చీలు వేస్తున్నారు. చర్చికి మళ్లీ ప్రాణం వచ్చిందని, ఇది ఉజ్జీవమని అందరూ అంటున్నారు. ఉజ్జీవమే, నేను కళ్లారా చూశాను.

నా మంటంతా గేటుకి కట్టిన బ్యానరు మీద. ‘మూడేళ్ల ఎడతెగని ప్రార్థన – కృతజ్ఞత కూడిక.’ కింద మా ఆయన ఫొటో, పక్కన సాయంత్రం వచ్చే ప్రసంగీకుడి ఫొటో. ఈ కుర్చీలో ఆయన ఒక్క గంట కూర్చున్న పాపాన పోలేదు. మూడొందలమందికి భోజనాలని కమిటీ పెద్దలు వంటకి జాబితా రాశారు. పన్నెండు పేర్లు, అన్నీ మావే! ఎడతెగని ప్రార్థనకి పండగ చేస్తూ ప్రార్థన చేసేవాళ్లని వంటలో పెట్టామని ఒక్క మగాడికీ తోచలేదు. జాబితా చూసి నేనూ బుద్ధిగా తలూపాను, అది తల్చుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది.

కళ్లు మూసుకుంటే ప్రార్థన రావడం లేదు. వేళ్లకి ఉల్లిపాయ వాసన. “ప్రభువా” అంటాను, పొయ్యి కింద మంట తగ్గించానా లేదా అని గుర్తొస్తుంది. పన్నెండయింది. పన్నెండుంపావయింది. ఆయా రాలేదు. కిటికీలోంచి వంటపాక కనబడుతోంది. ఆమె రెండుసార్లు లేచింది, రెండుసార్లూ అత్తయ్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వెళ్లి పిలుద్దామంటే, నేను లేస్తే మూడేళ్ల వరస తెగినట్టే. తెగితే ఆ వెల్డరు మళ్లీ చెయ్యెత్తుతాడేమోనని భయం. పిచ్చి భయమే కావచ్చు. కానీ అతని పెళ్లాం ఇప్పుడిప్పుడే నవ్వుతూ చర్చికి వస్తోంది, ఆ నవ్వు పోతే నేను భరించలేను.

తలుపు చప్పుడైంది. మా ఆయన.

“ఇంకా ఇక్కడే కూర్చున్నావేంటి? అమ్మ అరుస్తోంది. లే.”

“ఆయా వస్తే లేస్తానండీ.”

“ఆమెకి అక్కడ పనుంది. ఒక్క గంటకి కొంపలేం మునిగిపోవు. దేవుడు చూసేది హృదయాన్ని. వంట చేస్తూ చేసుకో ప్రార్థన.”

“మీరూ వంట చేస్తూ ప్రసంగం చెప్పొచ్చుగా?”

ఇరవై రెండేళ్ల కాపురంలో నా నోట ఇలాంటి మాట ఆయన వినలేదు. నేనూ వినలేదు. ఆయన మొహం ఎర్రగా చేసుకుని దగ్గరికొచ్చి, నన్ను లేపడానికి భుజం మీద చెయ్యి వేశారు.

చెయ్యి పడింది. నేను లేచాను.

దారికొచ్చానని అనుకున్నట్టున్నారు, పక్కకి జరిగారు. నేను శాలువా తీసి ఆయన భుజాల చుట్టూ కప్పి, కుర్చీ ఆయన వైపు తిప్పాను.

“ఏంటిది?”

“భుజం మీద చెయ్యి వేశారుగా. ఇక మీ వంతు. నియమం మీకు తెలుసు, ప్రసంగంలో మీరే చెప్పారు.”

ఆయన కుర్చీని చూశారు, నన్ను చూశారు. మెల్లిగా కూర్చున్నారు. నేను గుమ్మం దాకా వెళ్లాక పిలిచారు.

“నా తర్వాత ఎవరు?”

“నర్సమ్మండీ. ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేను. ఆమె కూడా మీ అమ్మగారి పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.”