ఉచిత బీరువా

ఇళ్లు కొని అద్దెకిచ్చేవాళ్ల సంఘంలో అందరూ అన్నదమ్ములేనట. ఆ సంఘం హాలుకి రంగులు వేస్తూ వాళ్ల నీతులన్నీ చెవులారా విన్నాను.

"గోడకి చెమ్మ పడితే బాగుచేయించకండి తమ్ముళ్లూ, బీరువా అడ్డం పెట్టండి. వచ్చేవాడు జరిపి చూస్తాడా ఏంటి!" అన్నాడు పెద్దన్నయ్య. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు కొత్త తమ్ముడు.

మర్నాడు ఆ తమ్ముడే, పెద్దన్నయ్య దగ్గర కొన్న ఇంటికి రంగులు వేయమని నన్ను పిలిచాడు. పడగ్గదిలో గోడకి ఆనించిన బీరువా చూపించి మురిసిపోయాడు.

"ఎంత మంచివాడో చూడు, ఇంటితోపాటు ఇదీ ఊరికే ఇచ్చేశాడు!"

"జరిపి వేయనా సార్?" అన్నాను.

"ఎందుకు దండగ? వెనకాల ఎవడు చూస్తాడు? చుట్టూ వేసెయ్."

ఆ తెలివికో దండం పెట్టి, చుట్టూ వేసేశాను.