డ్రమ్ముల మూతలు

మా ఆయన వాల్వులు తిప్పే మనిషి. రిజర్వాయరులో మిగిలిన నీళ్లను ఆసుపత్రికీ, ఫ్యాక్టరీకీ, వీధులకీ వంతులవారీగా వదలడం ఆయన పని. మాట పడకూడదని మా వీధికి అందరికంటే చివర తిప్పుతాడు. అప్పటికి కుళాయిలోంచి గాలి తప్ప ఏమీ రాదు. అయినా వీధంతటికీ మా ఇంటి మీదే కన్ను.

ఇవాళ పొద్దున, ఇదే వీధిలో ఉండే మా ఆడపడుచు నలుగురు ఆడవాళ్లను వెంటేసుకొచ్చింది.

“వదినా, మీ పెరట్లో డ్రమ్ములు చూడాలి.”

“చూసుకోండి. కాళ్లు కడుక్కోమనడానికి మాత్రం నీళ్లు లేవు,” అన్నాను. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

ఒక్కో మూతా ఎత్తి చూశారు. ఒకదాంట్లో బల్లి ఉంది. మిగతావి ఖాళీ. పక్కింటి పిన్నిగారు చెయ్యి పెట్టి అడుగంతా తడిమి, అంటిన దుమ్మును చీరకు తుడుచుకుంది.

పొరపాటైపోయిందంటారేమోనని చూశాను. ఆడపడుచు డ్రమ్ము అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“అన్నయ్య దాస్తున్నాడనుకున్నాం వదినా. ఎక్కడో ఒకచోట నీళ్లున్నాయనుకున్నాం.”

వాళ్లు వెళ్లాక మూతలు నేనే పెట్టుకున్నాను.

సాయంత్రం మా వీధి వంతు వచ్చింది. కుళాయి కింద ఒక్కరూ బిందె పెట్టలేదు.