ఉర్దూ మిషన్ మీద ఇంగ్లీషు

నలభై ఒకటో ఏట టైపు నేర్చుకోవడానికి బయలుదేరిన ఆడదానికి సలహాలకు కొదవ ఉండదు. పక్కింటి ప్రభావతి కళ్లు పోతాయంది. ఇన్‌స్టిట్యూట్‌లో నా వెనక కూర్చునే పిల్లలు నడుముకు దిండు తెచ్చుకోమన్నారు. అందరికంటే ఎక్కువ సలహాలిచ్చింది మా ఆయన సదాశివ. ఇరవై ఏళ్లు టైపిస్టుగా చేసిన మనిషి కదా అని ఆయన మాట విన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నదని తర్వాత తెలిసింది.

నేను బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీ ఆఫీసులో పూటపని చేసేదాన్ని. పదకొండు నుంచి రెండు దాకా కాగితాల మీద ముద్రలు వేయడం, ఫైళ్లు సర్దడం. ఉగాదికి ముందు మా సూపరింటెండెంటు వెంకటేశం గారు పిలిచి, దసరాతో ఈ పూటపని తీసేస్తున్నారని చెప్పారు. టైపు లోయర్ పరీక్ష పాసైతే పూర్తి నౌకరి, కాకపోతే ఇల్లు. ఇల్లు నాకేం కొత్త కాదు. పదిహేడేళ్లకు పెళ్లయినప్పటినుంచీ అందులోనే ఉన్నాను. కానీ నా పేరుతో నన్ను పిలిచేది ఆ మూడు గంటలే. వాటిని వదులుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు.

అందుకని పొద్దున ఆరింటికి నాంపల్లి నుంచి నడిచి ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైనున్న ఇన్‌స్టిట్యూట్‌కు పోయేదాన్ని. అక్కడ నేర్పే అహల్యకు పాతికేళ్లుండవు. గంటకు మించి ఒక్క నిమిషం మిషన్ ఇవ్వదు. గంట సాధన సరిపోవడం లేదని ఇంట్లో ఏడ్చాను. అదిగో, అక్కడ దొరికిపోయాను.

మా ఆయన సర్కారు ఆఫీసులో ఉర్దూ టైపిస్టు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక ఫైళ్లన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. ఇంగ్లీషు టైపు నేర్చుకోమంటే, ఈ వయసులో పలక పట్టనని భీష్మించుకున్నారు. తీసుకుపోయి కవర్లు అంటించే సెక్షన్‌లో కూర్చోబెట్టారు. ఉర్దూ మిషన్లు వేలం వేసినప్పుడు తన మిషన్ తనే పాడుకుని, తువ్వాలు కప్పి ఇంటికి తెచ్చుకున్నారు. నా ఏడుపు విని ఆ తువ్వాలు తీశారు. ఉర్దూ అక్షరాల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి, వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి, రోజుకు రెండు గంటలు కొట్టమన్నారు. కాగితం దండగని ఉత్తినే కొట్టమన్నారు.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోతుంది కాబట్టి ఆ మిషనూ అలాగే పోతుంది. వరస అయ్యాక వెనక్కి నెట్టే పిడి దానికి కుడి పక్కన ఉంటుంది, ఇంగ్లీషు మిషన్‌కు ఎడమ పక్కన. ఇదేంటని మొదటిరోజే అడిగాను. వేళ్లకు అక్షరాలు తెలిస్తే చాలు, బండి ఎటు పోతే నీకేం అన్నారు. ఇరవై ఏళ్ల అనుభవం ముందు నేనెంత అని ఊరుకున్నాను.

ఇన్‌స్టిట్యూట్‌లో వరస చివర మిషన్ గంట మోగినప్పుడల్లా నా కుడిచెయ్యి లేచేది. అహల్య స్కేలుతో బల్ల మీద కొట్టేది. జూన్ వచ్చేసరికి ఆ చెయ్యి కాస్త అణిగింది, ఇక భయం లేదనుకున్నాను.

జూలైలో పరీక్ష. ఎవరి మిషన్ వాళ్లు తెచ్చుకోవాలి కాబట్టి ఇన్‌స్టిట్యూట్ మిషన్‌ను రిక్షాలో మా ఇద్దరి మధ్య పెట్టుకున్నాం. మా ఆయన దాన్ని రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నారు. హాల్లో ఏభై మిషన్లు ఒక్కసారి మొదలయ్యాయి. మొదటి వరస చివర గంట మోగింది. కుడిచెయ్యి లేచింది. అటు పక్క పిడి లేదు, రోలరు తిప్పే గుండు ఉంది. దాన్ని పట్టుకుని లాగేశాను. కాగితం వంకరపోయింది, రెండో వరస మొదటి వరస మీదే పడింది. సర్దుకునేసరికి మళ్లీ గంట, మళ్లీ అదే చెయ్యి. పరీక్షకిచ్చిన పది నిమిషాలు అయిపోయాయి, సగం పేజీ మిగిలిపోయింది.

సెప్టెంబరులో ఫలితాల్లో నా నంబరు లేదు. దసరాకు రెండ్రోజుల ముందు వెంకటేశం గారు మడత పెట్టిన కాగితం చేతిలో పెట్టారు. నా కుర్చీలో పంతొమ్మిదేళ్ల పిల్ల వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. ఆ మిషన్ మీద ఇన్నేళ్లు చేసిన మనిషికి, నా చెయ్యి పాడవుతుందని తెలియలేదా అని.

"తెల్సు," అన్నారు. "మొదటి దినం నుంచే తెల్సు. మూడేండ్లాయె ఆ సప్పుడు ఇనక. నువ్వు కొడుతుంటే మంచిగనిపించింది. రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న."

"మీకు సప్పుడు దొరికింది, నా నౌకరి పోయింది. గంతేనా?"

"ఔ."

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన నా దగ్గర తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఏదో సాకు చెప్పి ఉంటే తెల్లవార్లూ పోట్లాడేదాన్ని. ఉన్నమాట చెప్పి నా నోరు కట్టేశారు.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌కు పోయి జనవరి పరీక్షకు పేరిచ్చాను. ఏ నౌకరి కోసమని అహల్య అడిగితే ఇంకా తెలియదన్నాను. ఇంటికొచ్చేసరికి మా ఆయన మిషన్ అమ్మేస్తానని తయారుగా ఉన్నారు. అక్కర్లేదన్నాను. కావాలంటే మీరే కూర్చుని కొట్టుకోండి, నా చేతులు మాత్రం మీకివ్వను అన్నాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయనే కొట్టుకుంటున్నారు. ఎవరికీ అక్కర్లేని పాత సర్కారు ఉత్తరాలు, గుర్తున్నంత వరకు. ఆ వేళ్లు ఒక్కచోట కూడా తడబడవు. వంటింట్లో గిన్నె చేత పట్టుకుని నిలబడిపోతాను. ఆ చప్పుడు నిజంగానే బాగుంటుంది. అందుకే నాకు మరీ ఒళ్లుమంట.