పది వేల కోతల స్ప్రింగు

కోర్టుకెక్కిన ఇద్దరు అన్నదమ్ముల్లో తమ్ముడి షెడ్డులో నేను ప్రెస్సులు లెక్కపెడుతూ పదిహేడో దాని దగ్గరకు వచ్చేసరికి, అన్న ఇనుప రాడ్డుతో దూసుకొచ్చి మొదటిదాన్ని పగలగొట్టాడు. మీటరు గాజుముక్క ఎగిరి నా చెంప కోసింది. తమ్ముడు పరుగున వచ్చి అన్న పొట్టలో తలతో కుమ్మాడు. ఇద్దరూ తోలు ముక్కల్లో పడి దొర్లారు. నలభై దాటినవాళ్ళు, ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు, ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు.

“ఆపండయ్యా. ఇవి కోర్టు సాక్ష్యాలు. ఒక్కటి తగ్గినా నా లెక్క తప్పుతుంది,” అన్నాను. రక్తం కారుతున్న మనుషుల ముందు నాకు లెక్కే ముఖ్యమైంది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా పనే అది. ఒకరి ఆలోచనను ఇంకొకరు కొట్టేస్తే దాని విలువెంతో, జరిగిన నష్టమెంతో తేల్చి కోర్టుకు చెప్తాను. వీళ్ళది చెప్పుల అట్టలు కోసే ప్రెస్సు. పెడలు తొక్కితే కత్తి దిగుతుంది. లోపల చెయ్యి ఉంటే మాత్రం ఒక కొక్కెం దాన్ని పట్టి ఆపుతుంది. ఆ కొక్కెం అన్న బుర్రలోంచి పుట్టింది, పేటెంటు ఆయనదే. మూడేళ్ళ క్రితం తమ్ముడు పోట్లాడి, దానికి నకలు గీసుకుని వెళ్ళిపోయాడు. అదే ప్రెస్సు సగం ధరకు చేసి ఇప్పటికి నూట పన్నెండు అమ్మాడు. అన్న నష్టపరిహారం అడుగుతూ కేసు వేశాడు.

మొదటి రోజే అన్న నన్నడిగాడు.

“వాడు ఎంత ఎక్కువ అమ్మితే నాకంత ఎక్కువ వస్తుందా అమ్మా?”

“అంతేనండి. ఆయన అమ్మిన ప్రతిదీ మీరు అమ్ముకోవాల్సిందే కదా.”

ఆయన తల ఊపి ఊరుకున్నాడు. పెద్దమనిషి, ఎంత నెమ్మది అనుకున్నాను. నా మొహం.

కొట్లాట మర్నాడు చెంపకు పట్టీ వేసుకుని ఆఫీసులో అన్న పాత నోటుపుస్తకం తిరగేస్తున్నాను. కొక్కెం తయారీకి ఎంత ఖర్చయిందో అందులో ఉంటుందని. ఒక పేజీలో ఆయన చేతిరాత: ‘పొట్టి స్ప్రింగు పది వేల కోతలకు సాగిపోయింది. కొక్కెం పట్టలేదు. పొడుగు స్ప్రింగు వేశాను.’ తేదీ చూశాను. తమ్ముడు వెళ్ళిపోయిన నెల తర్వాతది.

అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నకు ఫోన్ చేశాను.

“మీ తమ్ముడి ప్రెస్సుల్లో ఉన్నది పొట్టి స్ప్రింగేనా?”

“ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా స్ప్రింగు పట్టుకుంటుంది.”

“చేతులు తెగుతాయని చెప్పలేదా?”

“ఎందుకు చెప్పాలి? ఎన్ని అమ్మితే అంత అన్నది మీరేగా.”

మనిషివేనా నువ్వు అని తిట్టి, షెడ్డుకు పోతున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నేను చేరిన కాసేపటికే అన్న కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మళ్ళీ ఆ రాడ్డే.

స్ప్రింగు సంగతి వినగానే తమ్ముడు వాచిన పెదవితోనే నవ్వాడు.

“నా సరుకు ఆపించడానికి ఇదో ఎత్తా? చూడండి మేడమ్.”

కొనేవాళ్ళకు రోజూ నడిపి చూపించే ప్రెస్సు ముందు కూర్చున్నాడు. కోతలు లెక్కపెట్టే దాని మీటరు పదకొండు వేలు దాటింది. ఎడమ చెయ్యి లోపల పెట్టి పెడలు తొక్కాడు. కొక్కెం పట్టుకుంది. నేను భుజం పట్టి లాగితే మోచేత్తో నా డొక్కలో పొడిచి మళ్ళీ తొక్కాడు. పట్టుకుంది.

“చెయ్యి తియ్యరా. ఆవిడ చెప్పింది నిజంరా,” అన్నాడు అన్న. మూడేళ్ళలో తమ్ముడితో తిట్టు కాకుండా ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

“నువ్వన్నావంటే అబద్ధమే,” అని తమ్ముడు మూడోసారి తొక్కాడు.

కత్తి దిగింది. నాలుగు వేళ్ళు అట్ట మీద ఉండిపోయాయి. అరుపు తర్వాత వచ్చింది. నా స్కార్ఫు అతని మణికట్టుకు బిగించి కట్టి అంబులెన్సుకు ఫోన్ చేశాను. అన్న కూలబడి, “నేనే కోశానురా, నేనే,” అంటూ తల నేలకేసి కొట్టుకున్నాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. నా మీద అసలే కలగలేదు.

తర్వాత ఆయన లేచి రాడ్డు అందుకున్నాడు. ముందు ఆ ప్రెస్సు, తర్వాత దాని పక్కది, ఆ పక్కది. ఇనుము ఎగిరి గోడలకు తగులుతోంది. ఈసారి నేను సాక్ష్యాలు అనలేదు. తమ్ముడు గోడకు ఆనుకుని, నెత్తురోడే చెయ్యి పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో చూపించాడు.

“ఆ మూలది మర్చిపోయావు అన్నయ్యా.”

“కొన్నవాళ్ళ నంబర్లు?” అన్నాను. గడ్డంతో చొక్కా జేబు చూపించాడు. చిన్న పుస్తకం, సగం తడిసింది. అక్కడే నేల మీద కూర్చుని వరసగా ఫోన్లు మొదలుపెట్టాను. ప్రెస్సు ఆపండి, చెయ్యి పెట్టకండి. ఆరుగురు విని సరేనన్నారు. ఏడో నంబరుకు ఒకామె పలికింది.

“పోయిన నెలే అయిపోయిందమ్మా. మా ఆయన చెయ్యి.”

“మరి మీరు ఎవరికీ చెప్పలేదా?”

“ఏం చెప్తాం? చూసుకోకుండా పెట్టావని మేమంతా ఆయన్నే తిట్టాం.”

ఫోన్ పెట్టేసి ఎనిమిదో నంబరు నొక్కాను.