టర్కీ పెట్టతో పేచీ

ట్రాయ్‌లోని ఒక కార్ల కంపెనీలో త్రివేణిది చప్పుళ్లు పట్టుకునే ఉద్యోగం. కొత్త మోడల్ కారు ఎక్కడ కిర్రుమన్నా, ఏ మూల గుయ్యిమన్నా, ఆ చప్పుడు పుట్టిన చోటు కనిపెట్టి దాని నోరు మూయించాలి. పన్నెండేళ్లుగా అదే పని. అందుకే పక్కింటి లెస్టర్ తన బూర చూపించి, దీన్ని పలికించడానికి తనకు మూడేళ్లు పట్టిందని చెప్పినప్పుడు, ఆమె మూడు వారాలు చాలన్నది.

వాళ్లుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో లెస్టర్ గ్యారేజీ తెలియని పిల్లలు ఆ వీధిలో లేరు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ పెద్దాయన లేత్ మిషన్ మీద టర్కీ కోళ్లను పిలిచే బూరలు చెక్కుతాడు. జానెడు పొడవుంటుంది బూర. ఒక కొస పుల్లంత సన్నం, రెండో కొస ఉమ్మెత్తపువ్వులా విచ్చుకుని ఉంటుంది. దానితో పెట్టలా కూస్తే పుంజు వెతుక్కుంటూ వస్తుంది. ఏటా మే నెల వేట రోజుల్లో బావమరిది సొంత అడవిలో ఆయన చేసే పని అదే. నిరుడు చిన్న స్ట్రోక్ వచ్చి పెదవి ఒక పక్క పట్టు తప్పింది. మాట బాగానే వస్తోంది కానీ బూర పలకడం లేదు. ఈసారి అడవికి వెళ్లనని ఆయన మామూలుగా అన్నాడు గానీ, త్రివేణికి ఆ మాట మామూలుగా వినిపించలేదు. మీ బదులు నేను కూస్తానంది.

మొదటిరోజు బుగ్గలు పొంగించి ఊదింది. రెండో కొస నుంచి ఉమ్మి తప్ప ఏమీ రాలేదు.

"ఊదకూడదు. లోపలికి పీల్చాలి," అన్నాడు లెస్టర్.

"ఎలా పీల్చాలి?"

ఆయన గ్యారేజీ పైకప్పు వైపు చూశాడు. "ముద్దు పెట్టినట్టు," అని, ఎప్పుడూ లేనిది డ్రిల్ బిట్లన్నీ వరసగా సర్దడం మొదలుపెట్టాడు.

ఇంట్లో సాధన రెండు రోజులే సాగింది. భర్త చక్రపాణి పై గదిలోంచి ఆఫీసు పని చేసుకుంటాడు. మీటింగు మధ్యలో క్లయింటు, మీ కుక్కకు ఒంట్లో బాగాలేదా అని ఆరా తీశాడట. వాళ్లకు కుక్క లేదు. దాంతో త్రివేణి సాధన కారులోకి మారింది. సిగ్నల్ పడ్డప్పుడల్లా బూర తీసి పెదవులు ముందుకు సాచేది. ఒకసారి పక్క కారులో మనిషి అటు తిరిగి చూసి నివ్వెరపోయాడు. సంగతి తెలియజేద్దామని బూర ఎత్తి చూపించింది. అతను గబగబా అద్దం ఎక్కించేసుకున్నాడు.

ఉద్యోగపు బుద్ధి ఊరుకుంటుందా? అసలు పెట్ట కూతనూ తన కూతనూ రికార్డు చేసి, రెండిటి గ్రాఫులూ ఒకదానిమీద ఒకటి పరిచింది. మూడో వారానికి రెండు గీతలూ ఒకే గీతలా కలిసిపోయాయి. లాప్‌టాప్ చంకన పెట్టుకుని గ్యారేజీకి వెళ్లింది. లెస్టర్ తెర వంక చూడలేదు. కళ్లు మూసుకుని విన్నాడు.

"చప్పుడు సరిగ్గానే ఉంది. అందులో కోడి లేదు," అన్నాడు.

త్రివేణి మొహం చిన్నబోయింది.

"అయిదుసార్లూ ఒకేలా కూశావు. కోడి ఎవరినో ఒకరిని పిలుస్తుందమ్మా. నువ్వు ఎవరిని పిలుస్తున్నావు?"

త్రివేణి లాప్‌టాప్ వంక చూసింది. గ్రాఫులో ఆ పిలుపు ఎక్కడుంటుందో తెలియలేదు.

రెండు రోజుల తరవాత, పొద్దున్నే, స్కూలు బస్సు వచ్చే వేళకు కూతురు వేద ఇంకా పై నుంచి దిగలేదు. మెట్ల దగ్గర నిలబడి త్రివేణి పిలిచింది. వేదా అని ఒకసారి సాగదీసి, ఆ వెంటనే వేదా, వేదా, వేదా అని గబగబా, చివరిది విసుగుతో సగంలో తుంచేసి. తుంచిన చోటే ఆగిపోయింది. జేబులోంచి బూర తీసి, అదే సాగదీత, అదే విసుగు దాంట్లోకి పీల్చింది.

"అమ్మా, ఐయామ్ కమింగ్. ఎందుకు అరుస్తావ్?" అంది వేద పై నుంచి.

ఆ సాయంత్రం గ్యారేజీలో అదే కూత విన్న లెస్టర్, వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు.

మే రెండో శనివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఓక్ చెట్టుకు వీపు ఆనించి ఇద్దరూ కూర్చున్నారు. లెస్టర్ మోకాళ్ల మీద తుపాకీ. తాను పిలిచిన కోడిని చంపనివ్వాలా వద్దా అన్నది త్రివేణి మనసు ఎటూ తేల్చుకోలేదు. దారిలో ఆ మాటే చెబితే, ముందు కోడిని రానివ్వమన్నాడు ఆయన.

కూసింది. గట్టు అవతల నుంచి గుడగుడమని పుంజు బదులిచ్చింది. త్రివేణి ల్యాబ్‌లో ఎన్ని వేల చప్పుళ్లు కొలిచిందో, ఒక్కటీ ఆమెకు బదులు పలకలేదు. మళ్లీ కూసింది.

వచ్చింది మాత్రం పుంజు కాదు, పెట్ట. ఎండుటాకులు తొక్కుకుంటూ, మెడ నిక్కించి, నా చోట నువ్వెవరివన్నట్టు అరుచుకుంటూ వచ్చింది.

"తగ్గకు. అది ఏమంటే నువ్వూ అదే అను," అని గుసగుసలాడాడు లెస్టర్.

పెట్ట అరుపు పూర్తవకుండానే త్రివేణి అడ్డుతగిలింది. అది గొంతు పెంచింది. ఈమె ఇంకా పెంచింది. ముద్దూ గుర్తులేదు, గ్రాఫూ గుర్తులేదు. పెట్ట వెనకాలే తోక విసనకర్రలా విప్పుకుని పుంజు దిగింది. ఈ పెట్ట వంక ఒకసారి, చెట్టు వంక ఒకసారి చూసి, ఏ పక్షం పుచ్చుకోవాలో తేలక నిలబడిన చోటే గిర్రున తిరిగింది.

త్రివేణి ఓరకంట చూసింది. తుపాకీ మోకాళ్ల మీదే ఉంది. లెస్టర్ భుజాలు అదురుతున్నాయి. మళ్లీ స్ట్రోకేమోనని భయపడబోయి, అది నవ్వేనని గ్రహించింది. అరచేత్తో నోరు నొక్కుకున్నా ఆ వంకర పెదవి సందులోంచి నవ్వు తన్నుకొచ్చేసింది. రెండు కోళ్లూ పొదల్లో పడి మాయమయ్యాయి.

తిరుగుదారిలో ఒక చిన్న హోటల్లో పాన్‌కేకులు తెప్పించుకున్నారు. లెస్టర్ కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఇంతకీ ఆ పెట్ట నన్ను ఏమంది?" అని అడిగింది త్రివేణి.

"ఈ గట్టు నాది, లేచి పొమ్మంది."

"మరి నేనేమన్నాను?"

లెస్టర్ పాన్‌కేకుల మీద సిరప్ ఒంపుకున్నాడు.

"నువ్వూ అదే అన్నావు. దానికన్నా కాస్త బూతుగా."