జాసింతు తాగిన ధార

తెల్లవారేసరికి ఇదలీనా కుండ సర్దేసింది. అడుగున పందిమాంసం, కోడి, మధ్యలో చిలగడదుంపలు, పైన క్యాబేజీ. బండిమీద ఫుర్నాస్ సరస్సు ఒడ్డుకు తోసుకెళ్లి, భూమి వేడికే ఉడకాలని ఆవిర్లు కక్కే గుంటలోకి తాళ్లతో దించి, మట్టి కప్పి, పేరు రాసిన పలక గుచ్చింది. పలక మీద ఇంకా మొగుడి పేరే. జాసింతు పోయి ఏడాదైంది.

తిరిగొస్తుంటే ఊటల దగ్గర పక్కింటి బెల్మీరా ఆపింది.

“ధారకు కట్టిన ఆ నల్లగుడ్డ విప్పి తాగేయకూడదుటే? పై ఊట నుంచి నీళ్లు మోయలేక మా ఆయన నా ప్రాణం తీస్తున్నాడు.”

“తాగితే తెలిసిపోతుంది కదా వదినా.”

ఆ పుల్లనీళ్ల ధార గుణం ఊరందరికీ తెలుసు. ఒకరు తాగి వెళ్తే, వాళ్ల మనసు తర్వాత తాగినవాళ్లలోకి వచ్చి కాసేపుంటుంది. నోట మాట కూడా వాళ్లదే. అందుకే సంబంధం ఖాయం చేసుకునే ముందు కుర్రాడి చేత తాగించి, వెనకాలే కాబోయే అత్తగారు ఓ గ్లాసు తాగేది.

జాసింతు చివరిసారి తాగింది అక్కడే. ఆ పొద్దున ఉప్పు దగ్గర మొదలైన తగువు ముదిరి, “నీ కుండ నువ్వే తిను” అని అతనూ, “తిరిగి రాకపోతే నాకేం” అని ఆమే అనేసుకున్నారు. అతను దోసెడు నీళ్లు తాగి, కొండమీద ఆవుల దగ్గరికెళ్లి, అక్కడే గుండె ఆగి పడిపోయాడు. కోపంతోనే పోయాడా? తెలుసుకునే ధైర్యం లేక ఇదలీనా ధారకు గుడ్డ కట్టింది. ఊరంతా అటు వెళ్లడం మానేసింది.

మధ్యాహ్నం కుండ తీసుకొస్తుంటే టూరిస్టు బస్సు ఆగి ఉంది. ఎండకు మొహం కందిన ఒకావిడ గుడ్డ పక్కకు తోసి దోసిలి పట్టింది.

“అయ్యో, తాగకండి!” ఇదలీనా బండి వదిలేసి పరిగెత్తింది.

అప్పటికే తాగేసింది. మూతి తుడుచుకుని ఇదలీనాను చూసి నవ్వింది.

“ఇదా, కుండ తీశావా? నీమీద కోపంతో ఎంతసేపుంటానే? ఆకలేస్తోంది.”

తనను ‘ఇదా’ అని పిలిచిన మనిషి లోకంలో ఒక్కడే. ఇదలీనా ఆవిడను రాతిమీద కూర్చోబెట్టి, కుండ మూత తీసి వడ్డించింది.

“తిను. తప్పు నాదే. తిను.”

ఆవిడ అచ్చం జాసింతులాగే ముందు దుంప తీసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. రెండో ముద్ద మింగి కళ్లు తెరిచింది.

“చాలా బాగుందండీ. ఇందులో ఏమేం వేస్తారు?”

ఇదలీనా ఒక్కొక్కటే చెప్పింది. బస్సు వెళ్లాక గుడ్డ విప్పేసి, నీళ్లు పట్టుకోమని బెల్మీరాను కేకేసింది.

తను మాత్రం మళ్లీ ఎన్నడూ ఆ ధార తాగలేదు. తన తర్వాత తాగేవాళ్లు తన మనసులోని ఏడుపు భరించలేరని.